పిల్లల ఇండోర్ ఆటకేంద్రంలో కుటుంబ వేడుక

పిల్లలు ఎక్కుటకు, దూకుటకు, జారుటకు, పాకుటకు వీలుగా మెత్తని సామగ్రితో కప్పు కింద నిర్మించి, ప్రవేశ రుసుము తీసుకొని నడిపే స్థలాన్ని పిల్లల ఇండోర్ ఆటకేంద్రం అంటారు. పుట్టినరోజు, దూరపు బంధువుల కలయిక, సెలవులలో అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పిల్లలందరినీ ఒకచోట చేర్చుట వంటి సందర్భాలకు ఇటువంటి కేంద్రంలో కొంత సమయానికి స్థలాన్ని అద్దెకు తీసుకొని వేడుక జరుపుకొనే అలవాటు 1970 దశకంలో ఉత్తర అమెరికాలో మొదలై, తరువాత బ్రిటన్, ఆస్ట్రేలియా, భారతదేశం మొదలైన దేశాలకు వ్యాపించినది. తెలుగువారిలో ఈ అలవాటు మొదట విదేశాలలో స్థిరపడిన కుటుంబాలలోను, 2000 తరువాత హైదరాబాదు వంటి నగరాలలో షాపింగ్ మాల్స్ పెరిగిన కొద్దీ ఇక్కడి కుటుంబాలలోను కనిపిస్తున్నది.

పేరు, స్వరూపం

బ్రిటన్‌లో వీటిని సాఫ్ట్ ప్లే సెంటర్లు అని, అమెరికాలో ఇండోర్ ప్లేగ్రౌండ్లు అని పిలుస్తారు. మన నగరాలలో ప్లే జోన్, కిడ్స్ జోన్, గేమ్ జోన్ అనే మాటలు వాడుకలో ఉన్నవి. ఈ మూడింటికీ వాడుకలో కచ్చితమైన భేదం లేదు. అయితే గేమ్ జోన్ అన్నప్పుడు వీడియో ఆటలు, బౌలింగ్, చిన్న కార్ల పందెం వంటి పెద్దల ఆటలు కూడా ఉండవచ్చును.

సాధారణ ఆటకేంద్రంలో ప్రధాన భాగం ఇనుప గొట్టాలతో కట్టిన రెండు మూడు అంతస్తుల చట్రం. గొట్టాలకు నురుగు తొడుగులు తొడిగి, చుట్టూ వల కడతారు. లోపల సొరంగాలు, తాళ్ళ నిచ్చెనలు, జారుడు బల్లలు, ప్లాస్టిక్ బంతులతో నింపిన కొలను (బాల్ పిట్) ఉంటాయి. పాకే పిల్లలకు, మూడేళ్ళ లోపు వారికి విడిగా ఒక మూల కేటాయిస్తారు. చట్రం చుట్టూ పెద్దలు కూర్చొనుటకు బల్లలు, ఒక చిన్న ఫలహారశాల, వేడుకల కోసం ఒకటి రెండు గదులు ఉంటాయి. లోపలికి చెప్పులతో, బూట్లతో వెళ్ళనీయరు. అడుగున రబ్బరు చుక్కలున్న మేజోళ్ళు వేసుకోవలెను. వీటిని చాలా చోట్ల అక్కడే కొనవలసి వచ్చును.

చరిత్ర

మెత్తని ఆట సామగ్రికి ఆద్యుడుగా ఎరిక్ మెక్‌మిలన్‌ను చెబుతారు. ఇంగ్లండులో పుట్టి కెనడాలో స్థిరపడిన ఈ రూపశిల్పి టొరంటోలోని ఒంటారియో ప్లేస్ అనే వినోదస్థలంలో 1972లో తెరిచిన పిల్లల గ్రామానికి రూపకల్పన చేశాడు. 1976లో అమెరికాలోని శాన్ డియేగో సీ వరల్డ్‌లో పిల్లల విభాగానికి బంతుల కొలనును చేర్చాడు. ఇవి ఆరుబయట ఉన్నవే. ఆ సామగ్రి కప్పు కిందికి వచ్చిన తరువాత వాన, మంచు, ఎండలతో పని లేకుండా ఏడాది పొడవునా నడిచే వ్యాపారం సాధ్యమైనది.

వేడుక అనే అంశం మరొక దారిలో వచ్చినది. వీడియో ఆటల సంస్థ అటారీని స్థాపించిన నోలన్ బుష్నెల్ 1977లో కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ హోసేలో పిజ్జా టైమ్ థియేటర్ అనే భోజనశాలను తెరిచాడు. పిజ్జా తయారగుటకు కొంత సమయం పడుతుంది. ఆ నిరీక్షణలో పిల్లలు నాణేలు వేసి ఆటలాడుకొంటారు. వేదికపై యంత్రాలతో కదిలే జంతువుల బొమ్మలు పాటలు పాడతాయి. ఇదీ ఆయన ఆలోచన. ఎలుక బొమ్మ పేరుతో తరువాత చక్ ఈ చీజ్‌గా ప్రసిద్ధమైన ఈ శాలలు పుట్టినరోజు వేడుకలకు మారుపేరైనవి. మాతృసంస్థ 1984లో దివాలా తీయగా, పోటీదారైన షోబిజ్ పిజ్జా దానిని కొనుగోలు చేసినది. కరోనా కాలంలో, 2020 జూన్‌లో, వారసురాలైన సంస్థ మరల దివాలా రక్షణ కోరి, పునర్వ్యవస్థీకరణ తరువాత కొనసాగినది. యంత్రపు బొమ్మలను ఇటీవలి సంవత్సరాలలో చాలా శాఖలలో తొలగించారు.

తిండి కన్న ఆటకు ప్రాధాన్యమిచ్చిన కేంద్రాలలో డిస్కవరీ జోన్ ముఖ్యమైనది. ఇది 1989లో కాన్సాస్ సిటీలో మొదలైనది. స్థాపకులలో ఒకరు జిమ్నాస్టిక్స్ శిక్షకుడు కావటం గమనింపదగినది. మెక్‌డొనాల్డ్స్ సంస్థ ప్రారంభించిన లీప్స్ అండ్ బౌండ్స్ 1994లో దీనిలో కలిసినది. అతివేగంగా శాఖలు పెంచుకొన్న డిస్కవరీ జోన్ 1996లో దివాలా రక్షణ కోరి, 1999 నాటికి మూతపడినది. బ్రిటన్‌లో ఇవి పబ్బులకు అనుబంధంగా పెరిగినవి. వాకీ వేర్‌హౌస్ ఈ కోవకు చెందినది.

పిల్లలు పెద్దల వృత్తులను అభినయించే కిడ్జానియా 1999లో మెక్సికో నగరంలో మొదలై, 2013లో ముంబయిలోను, 2016లో ఢిల్లీ సమీపంలోని నోయిడాలోను శాఖలు తెరిచినది. హైదరాబాదులో 2003లో ప్రారంభమైన ప్రసాద్స్ ఐమాక్స్ సముదాయంలోని ఆటల విభాగం ఒక తరానికి ఇటువంటి స్థలంతో తొలి పరిచయం. అంతకు పూర్వం నగరంలో పిల్లలకంటూ ఏర్పాటైన స్థలం పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్. అయితే అది ప్రభుత్వం నడిపే కళాశిక్షణ కేంద్రమే కాని, వేడుకలకు అద్దెకిచ్చే స్థలం కాదు.

వేడుక జరిగే తీరు

వేడుకను సాధారణంగా ముందుగా రుసుములో కొంత చెల్లించి ఖాయం చేసుకొంటారు. ధరను పిల్లల సంఖ్యను బట్టి లెక్కగడతారు. కనీసం ఇంతమంది అని ఒక సంఖ్య ఉంటుంది. అంతకు తక్కువ వచ్చినా ఆ సంఖ్యకు చెల్లించవలసినదే. ఇంకా నడక రాని పసివారికి రుసుము ఉన్నదా, తోబుట్టువులను లెక్కలోకి తీసుకొంటారా, పెద్దలకు టిక్కెట్టు కావలెనా అనే మూడు విషయాలలోనే ఎక్కువ తగవులు వచ్చును. పిలిచినవారు ఒక బిడ్డను దృష్టిలో పెట్టుకొని పిలిస్తే, వచ్చేవారు ఇంట్లోని ముగ్గురితోను వస్తారు. మన వైపు పిలుపు ఇంటికే గాని మనిషికి కాదు కనుక ఇది తప్పని పరిస్థితి. తెలిసినవారు సంఖ్యను కొంత హెచ్చుగానే చెప్పి ఉంచుతారు.

కేటాయించే సమయం ఒకటిన్నర నుండి రెండు గంటలు. ఇందులో మొదటి భాగం ఆట, చివరి భాగం గదిలో కేకు, తిండి. కేంద్రం వారు నియమించిన యువతీయువకులు పిల్లలను పోగుచేసి గదికి తెస్తారు. సమయం ముగియగానే తరువాతి కుటుంబం గుమ్మం వద్ద నిలిచి ఉంటుంది. ఆహ్వానంలో నాలుగు గంటలకు అని వ్రాస్తే నాలుగున్నరకు బయలుదేరే అతిథులున్న కుటుంబాలకు ఈ పద్ధతి మొదటిసారి కష్టం కలిగించును. బంధువులకు చెప్పే వేళకు, కేంద్రంతో ఖాయం చేసుకొన్న వేళకు అరగంట తేడా పెట్టుట చాలా ఇళ్ళలో ఆచారమైపోయినది.

పాశ్చాత్య దేశాలలో వచ్చిన పిల్లలందరికీ వెళ్ళేటప్పుడు చిన్న సంచిలో మిఠాయిలు, బొమ్మలు ఇస్తారు. మన నగరాలలో దీనినే రిటర్న్ గిఫ్ట్ అంటారు. పేరంటానికి వచ్చినవారికి తాంబూలం ఇచ్చి పంపే అలవాటున్న ఇళ్ళలో దీనికి కొత్తగా నేర్చుకోవలసినదేమీ లేకపోయినది.

తిరిగి వెళ్ళేటప్పుడు బిడ్డ ఎవరితో వచ్చినదో వారితోనే పంపే ఏర్పాటు మంచి కేంద్రాలన్నిటిలోను ఉంటుంది. చక్ ఈ చీజ్ శాఖలలో కుటుంబంలోని పెద్దలకు, పిల్లలకు ఒకే సంఖ్యను చేతిపై ముద్ర వేస్తారు. ఆ ముద్ర ప్రత్యేక దీపపు కాంతిలో మాత్రమే కనిపించును. బయటికి పోయేటప్పుడు సంఖ్యలు సరిచూస్తారు. ఇతర చోట్ల సంఖ్య గల కాగితపు పట్టీని మణికట్టుకు చుడతారు. కుటుంబ వేడుకలో ఈ ఏర్పాటు ఒక చిక్కు తెస్తుంది. తల్లితో వచ్చిన బిడ్డను మేనమామ వెంట పంపవలసి వస్తే పట్టీ సంఖ్యలు కలియవు. అందుచేత ఎవరి పిల్లలు ఎవరితో తిరిగి వెళతారో లోపలికి వచ్చేటప్పుడే చెప్పి ఉంచవలెను.

తెలుగు కుటుంబాలలో

తెలుగు ఇళ్ళలో పుట్టినరోజు ఉదయం తలంటి పోసి, కొత్త బట్టలు కట్టి, హారతి ఇచ్చి, పెద్దలు అక్షతలు వేసి దీవించుట పాత పద్ధతి. సాయంత్రం కేకు కోయుట తరువాత వచ్చి చేరినది. ఆటకేంద్రం ఈ సాయంత్రపు భాగాన్ని మాత్రమే తీసుకొన్నది. విదేశాలలోని కుటుంబాలు తిథి ప్రకారం వచ్చిన రోజున ఇంటిలో పూజ, దీవెనలు జరిపి, తేదీకి దగ్గరగా వచ్చిన శని ఆదివారాలలో ఆటకేంద్రపు వేడుక పెట్టుకొంటారు. అన్నప్రాశన, అక్షరాభ్యాసం, మేనమామ ఒడిలో కూర్చోబెట్టి చేసే పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టుట వంటివి ఇక్కడికి రాలేదు. వాటికి నిప్పు, పురోహితుడు, నిదానం కావలెను. ఈ మూడూ ఆటకేంద్రంలో దొరకవు.

కొవ్వొత్తి ఊది ఆర్పుట విషయంలో పెద్దల అభ్యంతరం చాలా ఇళ్ళలో నేటికీ ఉన్నది. దీపం ఆరినది అనుటకు కూడ మనసొప్పక, కొండెక్కినది అనే జాతిలో, పుట్టిన దినాన బిడ్డ చేతనే దీపం ఆర్పించుట వారికి రుచించదు. కొందరు కొవ్వొత్తి లేకుండా కేకు కోయిస్తారు. కొందరు ఇంటివద్ద దీపం వెలిగించి వచ్చి, ఇక్కడ పిల్లల ముచ్చట కాదనరు.

భోజనం విషయంలో కేంద్రాలు బయటి తిండిని సాధారణంగా అనుమతించవు. కేకును మాత్రం తెచ్చుకోనిస్తారు. శాకాహారులైన బంధువులుంటే గుడ్డు లేని కేకు, మాంసపు ముక్కలు లేని పిజ్జా విడిగా చెప్పవలెను. విదేశాలలో పిల్లలకిచ్చే మెత్తని మిఠాయిలలో చాలావాటిలో జంతువుల నుండి తీసిన జెలటిన్ ఉంటుందనే సంగతి ఇక్కడినుండి వెళ్ళిన అమ్మమ్మలకు, నానమ్మలకు ఆలస్యంగా తెలుస్తుంది.

దుస్తులు మరొక ముఖ్య విషయం. పట్టు లంగా జారుడు బల్లపై అతి వేగంగా జారును, తాళ్ళ నిచ్చెనలలో కాళ్ళకు అడ్డుపడును. అంతకన్న అపాయకరమైనవి మెడలోని గొలుసులు, తాయెత్తు తాడు, దుస్తుల మెడపట్టీకి వేలాడే దారాలు. ఇవి వలకో గొట్టపు సందుకో తగులుకొంటే దేహపు బరువంతా మెడ మీద పడును. బంగారం పోవునేమో అనే భయంతో వాటిని తీసేవారే ఎక్కువ. నిజానికి తీయవలసిన కారణం అది కాదు. ఫొటోలు, దీవెనలు ముందు ముగించి, పట్టుబట్టలు, నగలు తీసి, నూలు బట్టలతో పిల్లలను ఆటకు పంపుట మేలైన క్రమం. కేంద్రం వారి క్రమం దీనికి తలకిందులుగా, ఆట ముందు, కేకు తరువాత ఉంటుంది. ముందుగా అడిగితే మార్చుకోనిచ్చే చోట్లు ఉన్నవి.

అమ్మమ్మ, తాతయ్యల స్థానం ఇటువంటి వేడుకలో అంత సుఖమైనది కాదు. హోరెత్తే శబ్దం, వీపు ఆనని చిన్న కుర్చీలు, మెత్తటి నేలపై తడబడే అడుగులు వారికి ఇబ్బంది. వినికిడి యంత్రం వాడేవారికి ఆ హోరులో ఎదుటివారి మాట వినిపించదు. గదిని వేడుక చివరి భాగానికి మాత్రమే కాక మొత్తం సమయానికి తీసుకొంటే వారికి కూర్చొనుటకు కాస్త నెమ్మదైన చోటు దొరకును.

గాయాలు

మెత్తగా ఉన్నదంతా క్షేమమే అనే భావం తప్పు. పిల్లల ఎముకలు విరిగే సందర్భాలలో పెద్దల ప్రేమ కారణమయ్యేది ఒకటి ఉన్నది. పసిబిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకొని పెద్దవారు జారుడు బల్లపై జారినప్పుడు, బిడ్డ పాదం బల్ల అంచుకో అడుగుకో పట్టుకొనును. బిడ్డ ఒక్కతే అయితే అక్కడే ఆగిపోవును. వెనుకనున్న పెద్దవారి బరువు ఆగదు కనుక కాలు మెలిపడి మోకాలి కింది ఎముక విరుగును. అమెరికాలో 2002-2015 మధ్య ఆరేళ్ళలోపు పిల్లలు మూడున్నర లక్షలకు పైగా జారుడు బల్లలపై గాయపడినట్లు అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో అంచనా వేశారు. ఆ గాయాలలో కాలి ఎముక విరుగుట ఎక్కువగా కనిపించినది. బిడ్డ తనంత తాను జారలేకపోతే, ఆ బల్ల బిడ్డ వయసుకు తగినది కాదని అర్థం.

ట్రాంపోలిన్ విషయంలో అమెరికా శిశువైద్యుల సంఘం 1977 నుండి అభ్యంతరం తెలుపుతున్నది. 2012లో ఆ సంఘం వెలువరించిన ప్రకటన ప్రకారం దాదాపు నాలుగింట మూడు వంతుల గాయాలు ఒకే తెరపై ఒకరికన్న ఎక్కువమంది దూకినప్పుడు కలిగినవి. వారిలో తేలికైనవారికే, అనగా చిన్నవారికే, అపాయం ఎక్కువ. ఇరవై కిలోల బిడ్డ పక్కన డెబ్బై కిలోల బాబాయి దూకితే తెర తిరిగి లేచే ఊపు బిడ్డ కాళ్ళ మీదికే వచ్చును. అమెరికాలో ట్రాంపోలిన్ కేంద్రాలలో గాయపడి అత్యవసర చికిత్సకు వచ్చినవారి సంఖ్య 2010లో 581 కాగా, 2014 నాటికి 6,932కు పెరిగినదని 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపినది. ఆ కాలంలో కేంద్రాల సంఖ్య కూడా బాగా పెరిగినదని గుర్తుంచుకోవలెను.

కుటుంబ వేడుకలో రెండేళ్ళవాడి నుండి పద్నాలుగేళ్ళవాడి వరకు అందరూ బంధువులే కనుక వారిని విడదీయుటకు ఎవరికీ మనసొప్పదు. వయసుల ప్రకారం స్థలాలను వేరు చేయుటకు కారణం మాత్రం ఈ బరువుల తేడాయే.

బంతుల కొలను శుభ్రత గురించి చాలాకాలంగా చర్చ ఉన్నది. జార్జియా రాష్ట్రంలో శారీరక చికిత్సాలయాలలోని ఆరు బంతుల కొలనులను పరీక్షించి 2019లో ప్రచురించిన పరిశోధనలో 31 రకాల బాక్టీరియా, ఒక రకం ఈస్ట్ కనిపించినవి. పరీక్షించినవి చికిత్సాలయాలే కాని వినోద కేంద్రాలు కావు. అయినా బంతులను ఎప్పుడెప్పుడు కడుగుతారని అడుగుటకు ఇది చాలును. జ్వరం, విరేచనాలు, కళ్ళకలక ఉన్న బిడ్డను వేడుకకు తీసుకురాకుండుట మర్యాద. ఖాయం చేసుకొన్న డబ్బు పోవునని తెచ్చేవారున్నారు. ఇంగ్లండులో కరోనా మూసివేత తరువాత 2020 ఆగస్టు 15న ఇటువంటి కేంద్రాలను తెరువనిచ్చినప్పుడు బంతుల కొలనులను మాత్రం మూసే ఉంచారు. భారతదేశంలో వినోద పార్కులకు అదే సంవత్సరం అక్టోబరు 15 నుండి అనుమతి లభించినది.

పేలిన బెలూను ముక్కలు పసివారి గొంతుకు అడ్డుపడుట ప్రాణాంతకం కావచ్చును. రబ్బరు పొర గొంతులో అతుక్కొనును కనుక బయటికి తీయుట కష్టం.

అగ్నిప్రమాదాలు

కప్పు కింద, తక్కువ ద్వారాలతో, నురుగు, ప్లాస్టిక్, వల వంటి మండే సామగ్రితో నిండిన స్థలంలో అన్నిటికన్న పెద్ద అపాయం అగ్ని. ఇందుకు రెండు ఉదాహరణలు ముఖ్యమైనవి.

మొదటిది ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో డగ్లస్ పట్టణంలోని సమ్మర్‌లాండ్. వానలు ఎక్కువగా ఉండే ఆ ద్వీపంలో యాత్రికులు కుటుంబంతో రోజంతా గడుపుటకు 1971లో దీనిని తెరిచారు. గోడలో కొంత భాగం, కప్పు అక్రిలిక్ పలకలతో కట్టారు. 1973 ఆగస్టు 2వ తేదీ సాయంత్రం భవనం వెలుపల బాలురు సిగరెట్టు కాల్చుతుండగా ఒక పాత కొట్టుకు నిప్పంటుకొని, అది భవనానికి పాకినది. లోపల సుమారు 3,000 మంది ఉన్నారు. అగ్నిమాపక దళానికి కబురు ఇరవై నిమిషాలకు పైగా ఆలస్యమైనది. కొన్ని తలుపులకు తాళాలు వేసి ఉన్నవి. 50 మంది మరణించారు.

ఆ భవనంలో పిల్లల వినోదం ఒక అంతస్తులో, పెద్దల వినోదం మరొక అంతస్తులో ఉండేది. మంటలు కనిపించగానే తల్లిదండ్రులలో చాలామంది ద్వారం వైపు కాక, పిల్లలున్న అంతస్తు వైపు పరుగెత్తారు. మెట్లపై ఎదురెదురుగా జనం కలిసి రద్దీ ఏర్పడినది. ప్రాణాలతో బయటపడినవారి వాంగ్మూలాలను తరువాత అధ్యయనం చేసిన మనస్తత్వ శాస్త్రవేత్త జొనాథన్ సైమ్, ప్రమాదంలో మనుషులు దగ్గరి ద్వారం వైపు కన్న తమవారి వైపే కదులుతారని, కుటుంబం ఒకచోట ఉంటే కలిసే బయటపడే ప్రయత్నం చేస్తారని చూపాడు. జనం వివేకం కోల్పోయి తొక్కిసలాడతారనే పాత భావాన్ని ఈ పరిశోధన సవరించినది. పిల్లలు ఒకచోట, పెద్దలు మరొకచోట ఉండే భవనాలలో ద్వారాలు, మెట్లు నిర్ణయించేటప్పుడు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవలెను.

రెండవది మన దేశంలోనిది. 2024 మే 25, శనివారం, వేసవి సెలవులలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ నగరంలో టీఆర్‌పీ గేమ్ జోన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 27 మంది మరణించారు. మృతులలో పిల్లలు కూడా ఉన్నారు. రేకులు, ఇనుప చట్రంతో నిర్మించిన ఆ కేంద్రంలో ఒక వైపు వెల్డింగు పని జరుగుతుండగానే మరొక వైపు సందర్శకులను అనుమతించారు. చిన్న కార్ల కోసం ఇంధనం నిలువ చేసి ఉన్నది. అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం లేదు. మృతదేహాలు గుర్తుపట్టలేని స్థితిలో ఉండుటచే డీఎన్ఏ పరీక్షలు చేయవలసి వచ్చినది. మరునాడు ఆదివారమే గుజరాత్ హైకోర్టు ఈ విషయాన్ని తనంత తాను విచారణకు స్వీకరించి, ప్రాథమికంగా ఇది మనుషులు చేసిన విపత్తేనని వ్యాఖ్యానించినది.

భారతదేశంలో ఇటువంటి కేంద్రాలు 2016 జాతీయ భవన నియమావళిలో సమావేశ భవనాల కోవలోకి వస్తాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టం ఉన్నది. మాల్ భవనానికి అనుమతి ఉన్నా, తరువాత ఒక అంతస్తులో నురుగు, వలలతో నింపిన ఆటస్థలాన్ని అమర్చినప్పుడు పరిస్థితి మారును. బయటి మైదానాలలో రేకుల షెడ్లలో నడిపే కేంద్రాలు మరింత జాగ్రత్తగా చూడవలసినవి.

వేడుక జరుపుకొనే కుటుంబం చూడగలిగినవి కొన్ని ఉన్నవి. వచ్చిన దారి కాక రెండవ దారి ఎక్కడ ఉన్నది, ఆ తలుపు తాళం లేకుండా తెరుచుకొనునా, దాని ముందు కుర్చీలు, అట్టపెట్టెలు పేర్చి ఉన్నవా అనేవి చూచుటకు ఐదు నిమిషాలు చాలును. ఏ పెద్ద ఏ పిల్లలను చూచుకోవలెనో ముందుగా పంచుకొనుట సమ్మర్‌లాండ్ అనుభవం నుండి వచ్చే సూచన. పది మంది పెద్దలున్న చోట అందరూ చూస్తున్నారనుకొని ఎవరూ చూడకుండుట సామాన్యం.

కేకు వద్ద చల్లే స్నో స్ప్రే డబ్బాలలో ఉండే వాయువు మండే గుణం కలది. వెలుగుతున్న కొవ్వొత్తి మీదుగా చల్లితే మంట చల్లినవారి చేతికి, ఎదుటివారి ముఖానికి అంటుకొనును. హీలియంకు బదులుగా చవకగా దొరికే హైడ్రోజన్ నింపిన బెలూన్లు కొవ్వొత్తి తగిలితే భగ్గుమంటాయి. ఈ రెండింటినీ ఆటకేంద్రపు గదిలోనికి రానీయరాదు.

పూచీ పత్రాలు

ప్రవేశానికి ముందు, గాయమైతే కేంద్రానికి బాధ్యత లేదని తల్లిదండ్రులచే సంతకం చేయించుకొనుట అమెరికాలో సర్వసాధారణం. ఈ సంతకం చెల్లునా అనేది రాష్ట్రాన్ని బట్టి మారును. మిచిగాన్ రాష్ట్రంలో ఒక ఐదేళ్ళ బాలుడు తన పుట్టినరోజు వేడుకలోనే గాలి నింపిన జారుడు బల్లపై నుండి దూకి కాలు విరుగగొట్టుకొన్నాడు. తండ్రి ముందే పూచీ పత్రంపై సంతకం చేసి ఉన్నాడు. బిడ్డకు గల హక్కును బిడ్డ తరఫున తల్లిదండ్రులు ముందుగా వదులుకొనజాలరని 2010లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. మరుసటి సంవత్సరమే ఆ రాష్ట్ర శాసనసభ వినోద కార్యక్రమాలలో ఇటువంటి సంతకం కొన్ని షరతులతో చెల్లునట్లు చట్టం చేసినది. తెలుగువారు ఎక్కువగా ఉన్న న్యూజెర్సీలో 2006 నాటి సుప్రీం కోర్టు తీర్పు ప్రకారం అటువంటి సంతకం బిడ్డ హక్కును హరించదు. కాని వివాదాన్ని మధ్యవర్తి ముందు తేల్చుకోవలెనన్న షరతు చెల్లును.

భారతదేశంలో మైనరు చేసుకొన్న ఒప్పందం చెల్లదని 1903 నుండి స్థిరపడిన న్యాయం. కనుక పదిహేనేళ్ళ పిల్లవాని చేత సంతకం పెట్టించుకొనుట వలన కేంద్రానికి లాభం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయపు ఒప్పందాలను నిర్వచించి, వాటిలోని షరతులు చెల్లవని ప్రకటించే అధికారాన్ని రాష్ట్ర, జాతీయ కమిషన్లకు ఇచ్చినది. గోడపై బాధ్యత లేదు అని వ్రాసినంత మాత్రాన నిర్లక్ష్యానికి జవాబుదారీ తొలగిపోదు.

విదేశాలలో జరిగే కుటుంబ వేడుకలలో ఒక చిక్కు ఉన్నది. అక్క పిల్లలను తీసుకువచ్చిన పిన్ని సంతకం చేస్తే అది తల్లిదండ్రుల సంతకంతో సమానం కాదు. అందువలన కొన్ని కేంద్రాలు అటువంటి పిల్లలను గుమ్మం వద్దే ఆపివేస్తాయి. పత్రాన్ని ముందుగానే తల్లిదండ్రులకు పంపి పూరింపజేస్తే వేడుకనాడు ఒక పిల్లవాడు బయట నిలబడి చూసే స్థితి రాదు.

ప్రత్యేక అవసరాలు గల పిల్లలు

శబ్దం, వెలుతురు, గుంపు భరించలేని ఆటిజం గల పిల్లలకు మామూలు ఆటకేంద్రం యాతన కలిగించవచ్చును. దీనిని గుర్తించి కొన్ని సంస్థలు సంగీతం తగ్గించి, దీపాలు మందగించి, తక్కువమందిని అనుమతించే ప్రత్యేక వేళలు పెట్టినవి. చక్ ఈ చీజ్ శాఖలలో నెలకొక ఆదివారం మామూలు వేళకు ముందుగా తెరిచే ఏర్పాటు ఇటువంటిది. 2010లో కాలిఫోర్నియాలో మొదలైన వి రాక్ ది స్పెక్ట్రం అనే సంస్థ ఈ పిల్లలను, ఇతర పిల్లలను కలిపి ఆడించుటకే ఏర్పడినది. బంధువులలో అటువంటి బిడ్డ ఉన్నప్పుడు రద్దీ లేని పనిదినపు ఉదయాన్ని ఎంచుకొని, గదిలో ఒక నిశ్శబ్దమైన మూల ఉంచితే ఆ కుటుంబం కూడా చివరివరకు ఉండగలుగును. లేకపోతే వారు పావుగంటలో ఏదో ఒక సాకు చెప్పి వెళ్ళిపోతారు.

కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న పిల్లల విషయంలో తెలుగు రాష్ట్రాలలో ప్రత్యేకంగా తెలుసుకోవలసినది ఉన్నది. ఆరోగ్యశ్రీ పథకం ద్వారా ఈ శస్త్రచికిత్స పొందిన పిల్లలు ఇక్కడ సామాన్య కుటుంబాలలో కూడా ఉన్నారు. ప్లాస్టిక్ జారుడు బల్లపై జారినప్పుడు, బంతులలో దొర్లినప్పుడు ఒంటిపై స్థిరవిద్యుత్తు చేరును. అది చెవి వెనుక ఉండే ప్రాసెసరుకు తగిలితే దానిలో బిడ్డకు అనుగుణంగా అమర్చిన వివరాలు చెడిపోయే అవకాశం ఉన్నది. కొత్త పరికరాలలో దీనికి రక్షణ మెరుగైనప్పటికీ, ఆటకు ముందు బయటి భాగాన్ని తీసి భద్రపరచమని తయారీదారులు సూచిస్తారు. అది తీసిన తరువాత బిడ్డకు పిలుపులు గాని, హెచ్చరికలు గాని వినిపించవు. కనుక ఆ బిడ్డ ఆడినంతసేపు కంటికెదురుగా ఒక పెద్ద ఉండి, సైగతో పిలువవలెను. మరల తగిలించేటప్పుడు ముందుగా ఒంటిలోని స్థిరవిద్యుత్తు పోవుటకు పెద్దవారు బిడ్డను చేతితో తాకి, ఆ తరువాతనే ప్రాసెసరును అమర్చవలెను.